నీటికీ పొలానికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు: ‘దప్’ ముద్ర ప్రాజెక్టు డైరీ

ఏం చెక్కుతున్నాను

దక్షిణ కొరియాలో దెగూ నగరం అంచున, దల్సొంగ్ వైపు ఉంటున్నాం. పక్కింటి హల్మొనికి (ఇక్కడ పెద్దావిడలను అలా పిలుస్తారు, మనం మామ్మగారూ అన్నట్టు) రెండు వరిమళ్లు, ఒక మిరప చేను ఉన్నాయి. అక్టోబరులో కోత అవగానే కొత్త బియ్యం సంచులకెత్తి పిల్లలకు పంపుతారు. ఆ సంచుల మీద అంటించే చీటీకి ఒక రాతి ముద్ర చెక్కి ఇస్తానని మాట ఇచ్చాను. ముద్రలో ఉండేది ఒకే ఒక్క చైనా అక్షరం. కొరియన్లు దాన్ని ‘దప్’ అని చదువుతారు. అర్థం మాగాణి.

చైనా అక్షరం అన్నాను కానీ దీన్ని తయారు చేసింది చైనా వాళ్లు కాదు. ముక్కలు చైనావి, కలిపింది కొరియాలో. పైన ‘నీరు’, కింద ‘పొలం’. నీరు నాలుగు గీతలు, పొలం ఐదు, మొత్తం తొమ్మిది. పొలం అక్షరం నాలుగు పలకల కిటికీలా ఉంటుంది: ఒక పెట్టె, లోపల ఒక నిలువు గీత, ఒక అడ్డగీత. మూడు వేల ఏళ్ల కిందట షాంగ్ రాజుల కాలంలో ఎముకల మీద గీసింది కూడా దాదాపు ఇదే బొమ్మ, గట్లు వేసి విడదీసిన నేల. నీరు అక్షరానికి నడిమధ్య పారే నిలువు గీత, దానికి అటూ ఇటూ చిందినట్టు చిన్న గీతలు ఉంటాయి. ఫోన్‌లో అసలు రూపం చూడాలంటే యూనికోడ్ పట్టికలో యు ప్లస్ 7553 దగ్గర దొరుకుతుంది. చెక్కాలనుకునేవాళ్లు ముందు దాన్ని పెద్దది చేసి చూడండి. కింద రాసిన కొలతలన్నీ దాని గురించే.

దశ 1: ఏ రూపం చెక్కాలి (ఆగస్టు 10 – 17)

ముద్రలకు ఇక్కడ ‘జొన్సొ’ అనే పాత లిపి వాడతారు. చైనాను క్రీ.పూ. 221లో ఏకం చేసిన చిన్ రాజ్యం ఖరారు చేసిన లిపి అది. నేనూ అదే మొదలుపెట్టాను. రెండు సాయంత్రాలు పోయాయి.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ లిపి రూపాలకు ప్రధాన ఆధారం క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ అనే చైనా పండితుడు కూర్చిన నిఘంటువు. అందులో దప్ లేదు. ఎందుకుంటుంది, అప్పటికి ఆ అక్షరం పుట్టనే లేదు. నీరు, పొలం వేరువేరుగా ఉన్నాయి కదా అని ఆ రెండు రూపాలనూ ఒకదాని మీద ఒకటి నేనే పేర్చాను. ఆ లిపిలో నీరు అంటే నిలువుగా వంపులు తిరిగే గీతలు. కాగితం చూపిస్తే హల్మొని చాలాసేపు తిప్పి చూసి, “ఇది కాలువా?” అని అడిగారు. ప్రవాహం అనే అర్థం వచ్చే ఇంకో అక్షరం కూడా మూడు నిలువు గీతలే. ఆవిడ చదివింది తప్పేమీ కాదు. నేను కూర్చిన రూపానికే చరిత్ర లేదు.

ఆవిడే లోపలికి వెళ్లి పాత భూమి కాగితం తెచ్చారు. నిలువుగా, చేతిరాతతో, చైనా అక్షరాల్లో ఉంది. నేల రకం రాసే గడిలో దప్. ఇప్పటి కాగితాల్లో అదే మాట కొరియన్ అక్షరాల్లో ఉంటుంది. కొరియా భూమి చట్టంలో నేలలు 28 రకాలు. మొదటిది ‘జొన్’, అంటే నీళ్లు ఎప్పుడూ పెట్టకుండా సాగు చేసే మెట్ట. రెండోది దప్. వరి, తామర లాంటివి నీళ్లు నేరుగా పెట్టి పండించే నేల. ఇది చదివినప్పుడు మా నాన్న పాసుపుస్తకం గుర్తొచ్చింది. అందులో తరి, ఖుష్కీ అని ఉంటుంది. పారసీ నుంచి వచ్చిన తడి, పొడి. మన దగ్గర ఆ పని పారసీ మాట చేస్తే ఇక్కడ చైనా లిపి చేసింది.

సరే, అసలు ఈ అక్షరం మొట్టమొదట కనిపించే చోటుకే వెళ్లి రూపం తెచ్చుకుందాం అనుకున్నాను. ఆగస్టు 16న బస్సెక్కి ఛాంగ్‌న్యొంగ్ వెళ్లాను. అక్కడ మానొక్‌జొంగ్ పార్కులో పాత కొరియా రాజ్యం సిల్లాను ఏలిన జిన్‌హంగ్ 561లో నిలిపిన రాతి శాసనం ఉంది. 1914లో బయటపడింది, 1924లో ఇప్పుడున్న చోటికి మార్చారు. మొత్తం 640కి పైగా అక్షరాలు, అందులో ఇప్పుడు చదవగలిగేవి 400 దాకా. అందులో ‘బెక్‌జొన్’ అనే మాట, దాని వెనకే దప్ వస్తాయి. బెక్‌జొన్ అంటే అక్షరాలా తెల్ల పొలం, అంటే నీళ్లు లేని మెట్ట. మెట్ట, మాగాణి పక్కపక్కనే. పద్నాలుగు వందల ఏళ్ల నాటి రాయి మీద మన పాసుపుస్తకంలో గడుల్లాగే ఉన్నాయి.

రూపం మాత్రం దొరకలేదు. చిన్న మంటపం కింద రాయి, చుట్టూ కంచె, దగ్గరకు వెళ్లి తాకడానికి లేదు. మధ్యాహ్నం వెలుతురు నేరుగా పడుతోంది, గీతలు తేలడం లేదు. రెండు గంటలు కళ్లు చికిలించి చూసినా అరిగిపోయిన ఆ రాతలో నా అక్షరం పట్టుకోలేకపోయాను. వెళ్లేవాళ్లు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఏటవాలు వెలుగులో చెక్కిన గీతలకు నీడ పడుతుంది.

అయినా ఆ ప్రయాణం వృథా కాలేదు. శాసనం పైనుంచి కిందికి నిలువు వరుసల్లో ఉంది. అలా రాసేటప్పుడు ‘నీరు’ రాసి దాని కింద ‘పొలం’ రాస్తే రెండూ ఎలాగూ ఒకదాని మీద ఒకటే పడతాయి. నీటిపొలం అనే రెండక్షరాల మాట దగ్గరగా జరిగి జరిగి ఒక్క అక్షరం అయిందని పండితులు చెప్పే వివరణ అక్కడ నిలబడి చూస్తే సులువుగా నమ్మబుద్ధి అవుతుంది. నాజు నగరం దగ్గర బొగమ్‌ని అనే చోట తవ్వకాల్లో సిల్లా పక్కనే ఉన్న బెక్జే రాజ్యం నాటి చెక్క పలకలు బయటపడ్డాయి. వాటిలో నీరు, పొలం ఇంకా విడివిడిగా రెండక్షరాలుగానే ఉన్నాయి. ఒక రాజ్యంలో అతుక్కున్నాయి, పక్క రాజ్యంలో అతుక్కోలేదు.

నిర్ణయం: పాత ముద్రల లిపి వదిలేశాను. హల్మొని భూమి కాగితంలో ఉన్నలాంటి మామూలు చేతిరాత లిపే చెక్కాలి. ఆవిడ కంటికి అలవాటైంది అదే.

ఇప్పటిదాకా: 9 గంటలు. బస్సు, భోజనం 21,000 వన్లు (వన్ ఇక్కడి డబ్బు), ప్రింట్లు 1,500. మొత్తం 22,500 వన్లు. రాళ్లు 0.

దశ 2: మొదటి రాయి (ఆగస్టు 24 – 31)

కొన్నవి:

1. మెత్తని ముద్రరాళ్లు 3. ఒక్కోటి 30 × 30 మి.మీ., ఎత్తు 50. ఒక్కోటి 4,500 చొప్పున 13,500 వన్లు.
2. చెక్కే కత్తి ఒకటి, పదును వెడల్పు 6 మి.మీ. 14,000.
3. రాయిని బిగించే చెక్క పట్టు. 17,000.
4. గరుకు కాగితాలు నాలుగు రకాలు: 220, 400, 800, 1000. 3,200.
5. ఎర్రటి ముద్ర సిరా ముద్ద, ఇక్కడ ‘ఇంజు’ అంటారు. 11,000.
6. పల్చని ట్రేసింగ్ కాగితం. 2,300.

రాయి అడుగు సమంగా లేకపోతే ముద్ర ఒక మూల పడదు. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, నీళ్లు చల్లి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి. పొడిగా రుద్దితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు ఉన్నా మాస్కు పెట్టుకోండి. ఈ ఒక్క పనికే గంటన్నర పట్టింది.

తర్వాత గీశాను, చెక్కాను, సిరా అద్ది ముద్ర వేశాను. నా కంటికి బాగానే ఉంది. హల్మొని ఒక్క క్షణం చూసి “నీళ్లు తిరగబడ్డాయి” అన్నారు.

ముద్ర మీద బొమ్మ ఎడమ కుడిగా, కుడి ఎడమగా చెక్కాలని తెలుసు. ట్రేసింగ్ కాగితం తిప్పే పెట్టాను. కానీ పెన్సిల్ గీతలు రాయి మీద లేతగా పడ్డాయని అద్దంలో చూసుకుంటూ మళ్లీ దిద్దాను. ఆ దిద్దడంలో రెండోసారి తిరగేశాను. మామూలుగా అయితే వెంటనే తెలిసిపోవాలి. ఈ అక్షరంలో తెలియదు. పొలం ఎటు నుంచి చూసినా ఒకటే, కిటికీకి కుడి ఎడమ ఉండవు. నీరు కూడా మధ్య గీత చుట్టూ రెండు వైపులా చెయ్యి చాపినట్టే ఉంటుంది. తేడా అంతా గీతల బరువులో ఉంది. ఎడమ వైపు ఒక అడ్డం మొదలై కిందికి వాలి సన్నబడుతుంది. కుడి వైపు పొడుగ్గా జారే గీత చివర్లో లావెక్కుతుంది. చిన్నప్పటి నుంచి ఆ అక్షరం రాసిన చేతికి ఆ లావు ఎడమ వైపు కనిపిస్తే, మనకు తిరగబడ్డ ‘క’ కనిపించినంత ఇబ్బంది.

మార్చింది:

1. రాయి మీద ఇక దిద్దడం లేదు. లేతగా పడితే మొత్తం చెరిపి మళ్లీ బదిలీ చెయ్యడమే.
2. ట్రేసింగ్ కాగితం మీద కుడి వైపు లావు గీత చివర ఎర్ర చుక్క పెట్టాను. రాయి మీద ఆ చుక్క ఎడమ వైపు కనిపిస్తేనే కత్తి పట్టాలి.
3. చెక్కే ముందు రాయిని ఫోన్‌తో ఫొటో తీసి, ఫొటోని ఎడమ కుడిగా తిరగేసి చూడాలి. అద్దం కన్నా ఇదే నమ్మకం.

రాయి పోలేదు. ముద్రరాయిలో ఉన్న సుఖం అదే, అరగదీసి మళ్లీ వాడుకోవచ్చు. చెక్కిన లోతు 1.5 మి.మీ. కాబట్టి కాస్త ఎక్కువే అరగదీశాను. ఎత్తు 50 నుంచి 47.5కి వచ్చింది.

ఇప్పటిదాకా: 15.5 గంటలు. ఈ దశలో 61,000 వన్లు, మొత్తం 83,500. రాళ్లు 1, తిరిగి వాడుకునే స్థితిలో.

దశ 3: రెండో రాయి, వేరే అక్షరం (సెప్టెంబరు 6 – 8)

ఈ దశ గురించి ఎక్కువ రాస్తాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే.

గీతలు ఉబ్బెత్తుగా నిలబడి చుట్టూ రాయి పోయే పద్ధతి పెట్టుకున్నాను. ముద్ర వేస్తే అక్షరం ఎర్రగా, నేపథ్యం తెల్లగా వస్తుంది. గీత మందం 1.0 మి.మీ. పొలం వెడల్పు 22, ఎత్తు 10. లోపలి ఒక్కో పలక ఎత్తు 3.5 మి.మీ. మాత్రమే. కత్తి వెడల్పేమో 6. పలకలోకి కత్తి అడ్డంగా దిగదు, మూలతో గోకాలి. గోకుతుంటే కత్తి నిలువు గీతకు తగిలింది. పైభాగం 3 మి.మీ. ముక్క ఎగిరిపోయింది. సరిచేద్దామని కింది సగాన్ని సన్నం చేస్తుంటే అదీ విరిగింది.

మిగిలింది పెట్టె, లోపల ఒకే ఒక అడ్డగీత. ముద్ర వేసి చూస్తే పని పాడైన ముద్రలా లేదు. పూర్తి అయిన ముద్రలాగే ఉంది. అది వేరే అక్షరం అయిపోయింది.

వెడల్పాటి పెట్టెలో ఒకే అడ్డగీత ఉంటే ‘పలుకు’ అనే అర్థం. పైన నీరు, కింద పలుకు. అలాంటి అక్షరం నిజంగానే ఉంది, చాలా పాతది, చైనాది. షు షెన్ నిఘంటువు దానికి చెప్పే అర్థం మాటలు ఎక్కువై పారడం. నీళ్లలా మాటలు. దానికి కొరియన్ చదువు కూడా దప్. ఒక దాని మీద ఒకటి పేరుకోవడం అనే అర్థంలో కూడా వాడతారు. దాని పక్కన పాదం చేరిస్తే ‘తొక్కడం’ అనే అక్షరం వస్తుంది, అదీ దప్.

మాగాణి అక్షరానికి దప్ అనే శబ్దం ఎక్కడిదని అడిగితే చెప్పే వివరణ సరిగ్గా ఇక్కడే ఉంది. నీరు అక్షరాన్ని కొరియన్లు ‘సు’ అంటారు, పొలాన్ని ‘జొన్’ అంటారు. రెండింటిలోనూ దప్ శబ్దం లేదు. అచ్చ కొరియన్‌లో వరిమడిని ‘నోన్’ అంటారు, అందులోనూ లేదు. ఆకారంలో దాదాపు ఇలాగే ఉండే ఆ పాత అక్షరం శబ్దమే దీనికి అంటుకుందని అంటారు. చదివినప్పుడు ఈ వివరణ కాస్త దూరంగా అనిపించింది. ఇప్పుడు నా చేతిలో రాయి ఉంది. రెండు అక్షరాలకూ తేడా ఒక మిల్లీమీటరు మందం గల నిలువు గీత. అది తడిసిన కాగితం మీదో అరిగిన చెక్క మీదో పోవడం ఎంత సులువో నాకు తెలుసు.

కొరియాలో ఒక్కో చైనా అక్షరానికి అర్థం, శబ్దం కలిపి జంట పేరు ఉంటుంది. దీని పేరు ‘నోన్ దప్’. మెట్ట అక్షరం ‘బత్ జొన్’. ముందు మాట సొంత భాష, వెనక మాట లిపితో వచ్చిన చదువు. పిల్లలు వల్లె వేసేది కూడా ఇలాగే. నోన్‌కీ దప్‌కీ శబ్దంలో చుట్టరికం ఏమీ లేదు. మాగాణి మీద రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

రెండో రాయిని అరగదియ్యలేదు. అలాగే ఉంచుకున్నాను.

మార్చింది:

1. గీత మందం 1.0 నుంచి 1.4 మి.మీ.
2. గీత పక్కలు నిటారుగా కాకుండా కిందికి వెళ్లేకొద్దీ వెడల్పయ్యేలా, చెరువు కట్టలా చెక్కాలి. నిటారు గోడ చిన్న దెబ్బకే ఎగిరిపోతుంది.
3. కత్తి ఎప్పుడూ గీత నుంచి బయటికి పోవాలి, గీత వైపు రాకూడదు.
4. పలకల లోపల లోతు 0.8 చాలు. బయట ఖాళీ ఎక్కువ ఉన్నచోట మాత్రం 1.5 కావాలి, లేకపోతే అక్కడ సిరా అంటుతుంది.
5. పలకలకు 3 మి.మీ. కత్తి కొనాలి.

ఇప్పటిదాకా: 20.5 గంటలు. కొత్త ఖర్చు లేదు, మొత్తం 83,500. రాళ్లు 2 వాడాను, ఒకటి మళ్లీ పనికొస్తుంది.

దశ 4: సందు (సెప్టెంబరు 13 – 28)

మూడో రాయి మీద కత్తి పెట్టకముందే ఇంకో లోపం కనిపించింది. ఇప్పటిదాకా నీరూ పొలమూ ఒకే వెడల్పు పెట్టాను, 22 మి.మీ. మధ్య సందు 4. ముద్రను దూరం నుంచి చూస్తే ఒక అక్షరంలా లేదు, రెండు అక్షరాల్లా ఉంది. రాయి వృథా చెయ్యడం ఎందుకని ముందు కాగితం మీద పరీక్ష పెట్టాను.

నాలుగు సందులతో నాలుగు ప్రింట్లు తీశాను: 4, 2.5, 1.5, 0.5 మి.మీ. ఊళ్లో పెద్దవాళ్లు కూర్చునే ‘క్యొంగ్‌నోదాంగ్’కు హల్మొని తీసుకెళ్లారు. అక్కడ ఆవిడతో కలిపి ముగ్గురు చదివారు. మా వీధిలో కుర్రవాళ్లలో చైనా అక్షరాలు చదవగలిగేవాళ్లు తక్కువ, అందుకే పెద్దవాళ్లనే అడిగాను.

ఫలితం:

- 4 మి.మీ.: ఇద్దరు ‘సుజొన్’ అని చదివారు, అంటే నీరు-పొలం, రెండక్షరాల మాట. ఒక్కరు దప్ అన్నారు.
- 2.5: ఇద్దరు దప్, ఒకరు తడుముకున్నారు.
- 1.5: ముగ్గురూ చూడగానే దప్.
- 0.5: చదివారు కానీ ముద్ర వేస్తే సిరా నిండిపోయి అతుక్కుపోతుంది.

సుజొన్ అన్న పెద్దాయనను అదేం మాటని అడిగాను. “అదీ వరిమడే కదా” అన్నారు. నిజమే. బెక్జే చెక్క పలక మీద ఉన్నది అదే మాట, చైనాలో ఇప్పటికీ వరిపొలానికి ఆ రెండక్షరాల మాట వాడతారు. అర్థం మారలేదు, మాట మాత్రం మారింది. 4 మి.మీ. సందులో చైనా మాట ఉంది, ఒకటిన్నర సందులో కొరియా అక్షరం ఉంది.

అసలు ఆ సందు మూసెయ్యాల్సిన అవసరం ఎవరికి వచ్చిందో ఆలోచిస్తే లెక్కలు రాసేవాళ్లకే అనిపిస్తుంది. 1933లో జపాన్‌లోని నారాలో షోసోయిన్ ఖజానాలో ఒక బౌద్ధ గ్రంథం అట్టలో పాత కాగితం బయటపడింది. సిల్లా కాలం నాటి నాలుగు ఊళ్ల లెక్కలు అందులో ఉన్నాయి: ఇళ్లు, మనుషులు, ఆవులు, గుర్రాలు, చెట్లు, నేలలు. నేలల దగ్గర దప్ వేరు, జొన్ వేరు. ఒక ఊరికి దప్ మొత్తం 102 గ్యొల్ 2 బు 4 సొక్ అని ఉంది. ఈ కొలతలు కూడా గజాలతో కాదు, పంట పనలతో వచ్చినవి: పది గుప్పెళ్లు ఒక కట్ట, అదే సొక్. పది సొక్‌లు ఒక బు, వంద బులు ఒక గ్యొల్. ఎంత పండుతుందో అంత నేల. మన దగ్గర తూమెడు విత్తనాల నేల అన్నట్టే, ఇక్కడ హల్మొని ఇప్పటికీ తన మడిని ‘మాజిగి’లలో చెబుతారు, ఒక ‘మల్’ విత్తనం పట్టే నేల అని. అలాంటి లెక్కలో ప్రతి పద్దుకూ ముందు వచ్చే మాట రెండక్షరాలకు బదులు ఒక్కటైతే చేతికి ఎంత తేలికో, నిలువు గడిలో ఎంత చోటు కలిసొస్తుందో చూడండి.

ఇంకో సంగతి. జపాన్‌లో అదే కిటికీ అక్షరం ఒంటరిగా ఉంటే వరిమడి. అక్కడ వరే మామూలు. అందుకని మెట్టకు వాళ్లు వేరే అక్షరాలు వాడతారు. ఒకటి నిప్పు పక్కన పొలం, ఇంకొకటి తెలుపు మీద పొలం. ఈ రెండోదే ఛాంగ్‌న్యొంగ్ రాయి మీద ఉన్న తెల్ల పొలం, రెండక్షరాలు అతుక్కుని. బెక్జే చెక్క పలకల మీద కూడా అది ఒకే అక్షరంగా కనిపిస్తుంది. కొరియాలో మాత్రం ఒంటరి పొలం అంటే మెట్ట. కాబట్టి నీటిని కలపాల్సింది మాగాణికి. ఏది మామూలో దానికి గుర్తు అక్కర్లేదు, రెండోదానికే కావాలి. మనం మాత్రం చేను, మడి అని మొదటి నుంచీ రెండు వేరు మాటలు పెట్టుకున్నాం. ‘వరిచేను’ అనే మాట కూడా ఉంది, అయినా నాట్లు వేసేటప్పుడు దిగేది మడిలోకే.

కొత్త కొలతలు, ఇవి కాపీ చేసుకోవచ్చు:

1. రాయి అంచు గీత 2 మి.మీ. లోపలి చోటు 26 × 26.
2. పైనా కిందా 1.5 చొప్పున ఖాళీ. మిగిలిన ఎత్తు 23.
3. నీరు ఎత్తు 10, సందు 1.5, పొలం ఎత్తు 11.5.
4. నీరు వెడల్పు 22, పొలం వెడల్పు 15. నీటి చేతులు పొలం మీద చూరులా దిగాలి. ఒక అక్షరంలా కనిపించడానికి సందు ఎంత ముఖ్యమో ఇదీ అంతే.
5. పలక ఒక్కోటి 5.4 × 3.65 మి.మీ. దాకా వస్తుంది. 3 మి.మీ. కత్తి హాయిగా తిరుగుతుంది.

మూడో రాయి సెప్టెంబరు 27, 28 తేదీల్లో చెక్కాను. అయిదున్నర గంటలు. ముందు పలకలు, తర్వాత నీటి చేతులు, చివర్న బయటి ఖాళీ. పలకలు ముందు ఎందుకంటే, చుట్టూ రాయి ఉన్నంతసేపు సన్నని గీతలకు అండ ఉంటుంది. కుడి వైపు లావు గీత చివర చిన్న ముక్క ఊడింది, అర మిల్లీమీటరు. హల్మొని దాన్ని చూసి “కుంచె ఎత్తినట్టే ఉంది, ఉండనివ్వు” అన్నారు. ఉంచేశాను.

ఇప్పటిదాకా: 29 గంటలు (పరీక్షకు 3, చెక్కడానికి 5.5). ప్రింట్లు 600, చిన్న కత్తి 9,000. మొత్తం 93,100 వన్లు. రాళ్లు 3.

దశ 5: ముద్ర వెయ్యడం (అక్టోబరు 4 – 12)

బియ్యం సంచి మందపాటి గోధుమరంగు కాగితం. దాని మీద నేరుగా వేస్తే సిరాలోని నూనె చుట్టూ పాకి గీతలు ఉబ్బాయి. నీరూ పొలమూ కలిసిపోయాయి. ఒకటిన్నర సందు కోసం పడ్డ కష్టమంతా ఆ కాగితం పీల్చేసింది. హన్‌జి అనే ఇక్కడి చేతికాగితం తెచ్చి చీటీలుగా కోసి, వాటి మీద వేసి సంచికి అంటించడమే దారి.

పనికొచ్చిన వరస:

1. సిరా ముద్దను పుల్లతో కలిపి నున్నగా చెయ్యాలి. పై పొర ఎండి ఉంటే ముద్ర మచ్చలుగా పడుతుంది.
2. ముద్రను సిరాలోకి నొక్కకూడదు. తేలిగ్గా పదిహేను, ఇరవై సార్లు తట్టాలి. నొక్కితే పలకలు నిండుతాయి.
3. చీటీ కింద మూడు వార్తాపత్రికలు. ఎనిమిది పెట్టి చూశాను, మెత్తదనం ఎక్కువై పలకల్లోని సిరా కూడా పడింది. ఏమీ పెట్టకపోతే అంచు గీత ఒక వైపు పడలేదు.
4. నిటారుగా నొక్కి, నాలుగు మూలలకూ కొంచెం బరువు మార్చి, నేరుగా ఎత్తాలి.
5. రెండు రోజులు ఆరనివ్వాలి. ముందే అంటిస్తే చేతికి అంటుతుంది.

40 చీటీలు వేశాను. పనికొచ్చినవి 31.

చీటీ మీద ముద్ర కింద ఏం రాయాలని అడిగితే హల్మొని పెద్ద మడి సంచులకు ‘మున్‌జొన్ ఒక్‌దప్’ అని రాయమన్నారు. వాకిటి ముందు సారవంతమైన మాగాణి అని అర్థం, అన్నిటికన్నా విలువైన ఆస్తికి ఇక్కడ వాడే మాట. ఆవిడ మడి నిజంగానే గుమ్మం నుంచి కనిపిస్తుంది. పైనున్న రెండో మడికి ‘ఛొన్‌సుదప్’ అన్నారు. ఆకాశం, నీరు, మాగాణి: వాన మీదే ఆధారపడిన మడి. ఇప్పుడు దానికి మోటారు ఉంది, కాలువ నీళ్లు అందుతున్నాయి. అయినా పేరు మార్చనన్నారు. “మా అత్తగారు జూన్ నెలలో రోజూ ఆ గట్టు మీద నిలబడి మబ్బు కోసం చూసేవారు” అన్నారు.

అత్తగారింటికి వాడే మాటలో మొదటి అక్షరం కూడా కొరియాలోనే పుట్టిందట, స్త్రీ పక్కన ఆలోచన. ఆ మాట ఆవిడ ఆ రోజే చెప్పారు. భూమి కాగితంలో ఇంటిస్థలానికి రాసే ‘దె’, గో ఆటగాడు లీ సెడోల్ పేరు చివర ఉండే ‘డోల్’ కూడా ఇలా ఇక్కడ పుట్టినవే. డోల్‌లో పైన రాయి అక్షరం, కింద ‘ల్’ శబ్దం కోసం ఇంకో అక్షరం. చెక్కడానికి అది దప్ కన్నా కష్టం, కింద ఉండే గీత వంకీ తిరుగుతుంది.

ఇప్పటిదాకా: 31 గంటలు. హన్‌జి 8,000. మొత్తం 1,01,100 వన్లు. రాళ్లు 3: ఒకటి అరగదీసింది, ఒకటి ‘నీళ్లలా మాటలు’, ఒకటి పనిలో ఉంది.

తర్వాత

అక్టోబరు 12న పదకొండు సంచులకు చీటీలు అంటించాం. అంటిస్తూ హల్మొని మిరప చేను గుర్తు చేశారు. ఎండు మిరపకాయల సంచులకు కూడా ముద్ర కావాలట. అది మెట్ట కాబట్టి ఒంటరి పొలమే, జొన్. ఐదు గీతలు, పైన నీరు లేదు, సందు గొడవ లేదు. అరగదీసిన మొదటి రాయి, 47.5 మి.మీ. ఎత్తుది, దానికి తీసి పెట్టాను. గీత మందం 1.4 చాలదేమో, పెట్టె ఒక్కటే ఉన్నప్పుడు బయటి గీత 2 మి.మీ. అయినా ఉండాలనిపిస్తోంది. ముందు కాగితం మీద మూడు మందాలు గీసి మళ్లీ ఆ ముగ్గురికే చూపిస్తాను.